ఖాళీ కుర్చీలో అమ్మగారు

తొంభైల్లో పని మీద బహ్రెయిన్ వెళ్లినప్పుడు, అక్కడి రిఫా ఊళ్లో ఎలక్ట్రీషియన్‌గా చేసే నిజామాబాద్ రాజన్న నన్నో పండుగ భోజనానికి తీసుకెళ్లాడు. అది ఉక్రెయిన్ నర్సు ఒక్సానా ఇల్లు. వాళ్ల క్రిస్మస్ జనవరిలోనట. వచ్చిన నాలుగు ఉక్రెయిన్ కుటుంబాలూ నిలబడి పాత పాటలు పాడుతున్నాయి. నాకు పాట రాదు, ఆకలి మాత్రం బాగా వచ్చు. కంచం ముందు ఖాళీ కుర్చీ కనబడగానే కూర్చున్నాను.

పాట టక్కున ఆగిపోయింది. ఒక్సానా ముఖం పాలిపోయింది.

"లే అన్నా, లే! ఆడ ఆమె తల్లి కూసున్నది!" అన్నాడు రాజన్న. "మొన్ననే సచ్చిపోయింది. ఆఖరి సూపుకు పోనీకి పనిల వెట్టుకున్న కఫీల్ లీవియ్యలే. ఇయ్యాల్నే తల్లికి బువ్వ పెట్టుకుంటున్నది."

వాళ్ల నమ్మకమేంటో గబగబా చెప్పాడు. ఆ సాయంత్రం చనిపోయినవాళ్లు భోజనానికి వస్తారట. వాళ్ల మీద కూర్చోకుండా ముందు కుర్చీ మీద ఊదాలట. నా బరువుకి ఆవిడ ఏమైపోయిందో! చటుక్కున లేచి, ఆ కుర్చీకే చేతులు జోడించి, "క్షమించండమ్మా" అన్నాను.

ఒక్సానా ఇంకో కుర్చీ తెచ్చి వాళ్లమ్మ పక్కనే వేసింది.

"ఊది కూర్చో," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "మీవాళ్లూ వచ్చారేమో."

మా తాతయ్య భారీ మనిషి, పైగా మొండివాడు. రెండుసార్లు ఊదాను.