గోంగూర గింజకట్టిన ఏడు

పక్కింటి ఆంటీ పోయారన్న కబురు నాకు లైబ్రరీలో తెలిసింది. హాస్పిటల్‌లో ఆవిడతో ఏళ్ళ తరబడి డ్యూటీ చేసిన నర్సు ఫోన్ చేసింది. పొద్దున్నే ప్రార్థన చేసుకుని కళ్ళు మూసుకున్నారట, మళ్ళీ తెరవలేదట. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను. తోపుడు బండి మీద మిగిలిన పుస్తకాలు అరల్లో సర్దాను. సాయంత్రం ఇంటికి వచ్చి, కంచె అవతల కొన్ని వారాలుగా ఆరి ఉన్న వంటింటి దీపం ఇక వెలగదని తట్టేదాకా ఏడుపు రాలేదు.

ఎడిసన్‌కి అరగంట దూరంలో చిన్న ఊరు మాది. చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక అక్కడి లైబ్రరీలోనే ఉద్యోగంలో చేరాను. ఒక ముసలావిడ ఇంట్లో పై గది నాది. కంచె అవతలి ఇల్లు ఆంటీది. బాపట్ల దగ్గర పల్లెలో పుట్టి, నర్సింగ్ చదివి, డెబ్బైల మొదట్లో ఈ దేశం వచ్చారు. భర్త లేరు, పిల్లలు లేరు. తెలుగు ప్రార్థన కూడికలో అందరూ ఆవిడని సిస్టర్ అనేవారు. నేను ఆంటీ అనేదాన్ని.

నేను ఎవరితోనూ కలుపుగోలుగా ఉండలేను. కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఇక్కడ మాట్లాడదామంటే మనిషే లేదు. వచ్చిన మొదటి అక్టోబరులో, మూడు వారాలుగా నా నోట తెలుగు మాట రాలేదని లెక్కపెట్టుకుంటూ నడుస్తున్న ఒక సాయంత్రం, కంచె అవతల గాలికి ఊగుతున్న వెంకటగిరి చీర కనిపించింది. దాని పక్కన ఇంకోటి. కర్రలు పాతి, వాటి మీదుగా ఏడెనిమిది పాత చీరలు పందిరిలా కప్పుతున్నారు ఒకావిడ.

"ఏమ్మా, ఆ జడ చూస్తే తెలియట్లా తెలుగుపిల్లవని! అట్టా చూస్తావేం, ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. చీరల కింద నా ఎత్తున గోంగూర ఉంది.

"రాత్రికి మంచు కడుతుందంట. ఆ ఎదురింటి ముసలాయన ఇందాక, ఈ చలిలో బట్టలారేశారేంటని అడిగాడు. పిల్లలకి దుప్పటి కప్పుతున్నా అన్నాను. వాళ్ళావిడతో ఏం చెబుతాడో, నాకు పాతికమంది పిల్లలని!"

ఆ రోజు నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

మీలో ఇక్కడి పెరట్లో గోంగూర వేసినవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. ఆకుకేం లోటు లేదు, వేసవంతా కోసినకొద్దీ వస్తుంది. గింజ దగ్గరే చిక్కు. పగళ్ళు పొట్టిపడితే గానీ గోంగూర పూయదు. పూసి కాయ కట్టేలోపు మంచు పడి మొక్క నల్లగా వాలిపోతుంది. కాబట్టి ఏటా ఇండియా నుంచి ఎవరో గింజలు పట్టుకురావాలి. ఆంటీకి అది నచ్చలేదు. ఈ నేలలో ఒక్క గింజైనా పండాలని ఆవిడ పట్టు.

"ఆకు తిని ఊరుకోవచ్చుగా సిస్టర్, గింజెందుకు?" అని కూడికలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. "కుండీలో వేసి లోపల పెట్టుకోండి, పండుతుంది."

"అది హీటరు కన్న గింజమ్మా, నాకొద్దు. బయట పుట్టిన గింజైతే ఇక్కడి చలి తెలిసి పుడుతుంది. దాని పిల్లలు ఇక్కడ బతుకుతాయి."

వచ్చిన కొత్తలో ఆవిడ బాపట్ల అలవాటు ప్రకారం రోహిణి కార్తెలో విత్తారట. పూత రాకుండానే చలి వచ్చేసింది. మరుసటేడు అశ్విని కార్తెలో నాలుగు రోజులు ఎండ కాస్తే తొందరపడి విత్తారు. మొలకలన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. "కార్తెలకి వీసా రాలేదమ్మా, నేనొక్కదాన్నే వచ్చా" అనేవారు. ఆ తర్వాత ఆవిడే ఇక్కడికి కార్తెలు పెట్టుకున్నారు. మంచు ఎత్తే పార కార్తె, కోటు విప్పే కార్తె, మిణుగురుల కార్తె, ఆకులూడ్చే కార్తె, చివరికి చీరల కార్తె. హాస్పిటల్‌లో జ్వరం రాసే చార్టు కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించి, ఏ కార్తె ఏ రోజు వచ్చిందో ఏటా రాసేవారు.

ఆ చార్టులో చీరల కార్తె ఆలస్యమవుతూ కిందికి జరుగుతూ వచ్చింది. ఒక ఏడు ముందుకొచ్చినా, మరుసటేడు ఇంకా వెనక్కి పోయేది. ఒక శీతాకాలం పారని గరాజ్‌లోంచి తియ్యనే లేదు. నాకు ఆశ్చర్యమేసి అడిగితే, "ఒకపూట ఒళ్ళు వెచ్చబడితే జ్వరమనకూడదు. చార్టు నిండనీ" అన్నారు.

మొన్నటి మండు వేసవిలో పత్రికల నిండా భూమి వేడెక్కుతోందన్న వార్తలే. లైబ్రరీ నుంచి ఒక మ్యాగజైన్ తెచ్చి, బొగ్గు పొగ, పెట్రోలు పొగ భూమికి దుప్పటిలా కమ్ముకుంటున్నాయని ఆవిడకి చదివి తెలుగులో చెప్పాను. వంకాయలు తరుగుతూ విన్నారు.

"మరి నేనూ కారు వేసుకునేగా డ్యూటీకి పోతున్నా" అన్నారు. ఆ వారం నుంచి కూడికకి తన కారు తియ్యకుండా ఇంకొకరి కారులో కలిసి వెళ్ళడం మొదలుపెట్టారు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

ఈ అక్టోబరు చివర ఆవిడకి గుండెనొప్పి వచ్చింది. తాను పనిచేసే వార్డులోనే మంచమెక్కారు. నేను సాయంత్రాలు వెళ్ళేదాన్ని. మొదటిరోజే అడిగారు, "చీరలు కప్పుతున్నావా?"

"అక్కర్లేదాంటీ, చలే లేదు."

"అదృష్టమేలే. కాయ ముదరనీ."

తర్వాత రోజూ అదే మా మాట. కాయ గట్టిపడింది, రంగు తిరిగింది, అంచున ఎండుతోంది. ఎదురుగా కూర్చుని మాటలు వెతుక్కునే నాకు ఆ కాయలు పెద్ద ఆసరా అయ్యాయి. ఆవిడ ఊపిరి రోజురోజుకీ బరువవుతోంది. కాయ పండేదాకా ఉంటారా అన్నదే నా భయం.

ఉన్నారు. నవంబరు సగం గడిచాక ఒక ఎండు కాయని రుమాల్లో చుట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ గోటితో చీల్చారు. గింజలు దుప్పటి మీద రాలాయి.

"అద్దాలియ్యి. ఆ, మా ఊరి గింజే! ఎన్నాళ్ళకమ్మా!" ఒక్కో గింజనీ వేలితో దొర్లించారు. నర్సుని పిలిచి చూపించారు. తర్వాత ఆ చెయ్యి ఆగింది. "ఇవాళ తారీఖెంత?"

చెప్పాను.

"ఒక్క రాత్రన్నా కప్పలా?"

"లేదాంటీ."

ఆవిడ కిటికీ వైపు చూశారు. బయట పార్కింగ్‌లో ఒకాయన పొట్టిచేతుల చొక్కాతో నడిచిపోతున్నాడు.

"ఈ గింజకి చలి తెలీదు తల్లీ. నేనడిగింది ఇది కాదు."

ఓదార్చాలనిపించింది. "దేవుడు మీ కోసం చలి ఆపాడేమో ఆంటీ" అన్నాను.

"చాల్లే! ఊరందరి చలికాలం లాక్కుని నాకిస్తాడా? అంత పక్షపాతం లేదాయనకి." నవ్వబోయి దగ్గారు. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నారు. నర్సు నాడి చూసినట్టే పట్టుకున్నారు. "మంచు కట్టిన రోజు వచ్చి చెప్పు. ఎంత పొద్దున్నైనా సరే. వస్తుందిలే, రాకపోతే ఎట్టా?"

ఆ తర్వాత నాలుగు రోజులే ఉన్నారు. మంచు రాలేదు.

సమాధి కార్యక్రమానికి కూడికవాళ్ళంతా వచ్చారు. కోటు వేసుకున్నవాళ్ళకి చెమట పట్టింది. ఒకావిడ మొహమాటపడుతూనే, "పెరట్లో ఆకు పాడైపోతుందేమోనమ్మా, కోసుకోమంటావా?" అంది. కోసుకోమన్నాను. ఆంటీ ఉంటే తనే కోసి మూటలు కట్టి ఇచ్చేవారు. మిగిలిన కాయలు నేను ముట్టుకోలేదు. వాటిని విత్తాలో వద్దో అడగడం మర్చిపోయాను.

పొద్దున్నే లేచి గడ్డి తెల్లబడిందేమోనని చూస్తున్నాను. తెల్లబడితే వెళ్ళి ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. అయినా చూస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆవిడ వెనక మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. స్వెటర్ అక్కర్లేకపోయింది. మెట్ల కింద ఎక్కడో ఒక కీచురాయి అరుస్తోంది. ఈపాటికి అవన్నీ చలికి పోయి ఉండాలి. ఇదొక్కటే మిగిలినట్టుంది. కాసేపు అరిచి, వింటున్నట్టు ఆగుతోంది. పెరడంతా నిశ్శబ్దం. మళ్ళీ అరుస్తోంది.