ఎంగిలి నీళ్ళలో ఈత

నిన్నటి వానకి మా వీధి మురిక్కాలువ పొంగితే, పొద్దున్నే ఎవరో వచ్చి బ్లీచింగ్ పౌడర్ చల్లిపోయారు. కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నదాన్ని, ఆ వాసనకి తాగలేక కింద పెట్టేశాను. కొన్నేళ్ళ కిందట ఇదే తిరుపతిలో, యాభై దాటిన వయసులో, ఈతకొలను మెట్ల మీద ముక్కు మూసుకుని నిలబడ్డ పొద్దు గుర్తొచ్చింది. అక్కడా ఇదే వాసన. దాని అడుగున కొబ్బరినూనె, చెమట వాసన. నీళ్ళ మీద ఎవరివో ఊడిన వెంట్రుకలు.

అసహ్యం నాకు పుట్టుకతో వచ్చింది. తాతగారిది కోవెల కైంకర్యం. అమ్మ మడిలో ఉన్నప్పుడు నా గౌను అంచు తగిలినా మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకునేది. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టని ఇల్లు మాది. ఆ ఇంట్లో పెరిగి, నర్సింగులో చేరి, మొదటి వారమే వాంతి చేసుకుని తిరిగొచ్చాను. హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వస్తే స్నానాల గదులు చూసి వదిలేశాను. నేను ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వచ్చేస్తానని మావాళ్ళు ముందే తీర్మానించుకుని, నా వంతు అన్నం కూడా వండి ఉంచేవాళ్ళు. మోకాళ్ళు అరిగి అలిపిరి మెట్లు ఎక్కలేని స్థితి వచ్చాక డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఇది కూడా వదిలేస్తే, కడదాకా చేశానని చెప్పుకోవడానికి నా బతుకులో ఒక్క పనీ మిగలదని భయం పట్టుకుంది.

నేర్పింది మేనమామ కొడుకు, మా బావ. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మొదటిరోజే ఈత కళ్ళద్దాలు చేతికిచ్చి, లోపల ఉమ్మి రుద్దుకోమన్నాడు. లేకపోతే ఆవిరి కమ్మి ఏమీ కనిపించదట.

"ఎంగిలి కండ్లకు పెట్టుకుంటారా బావా?"

"నీ ఎంగిలే కదమ్మే, ఊరోళ్ళదా?"

నేను పెట్టుకోలేదు. ఆ నీళ్ళు ఎంతమంది పుక్కిలించి ఊసినవో అని పళ్ళు బిగించి, గడ్డం పైకెత్తి ఈదేదాన్ని. కాసేపటికే మెడ పట్టేసేది. ఇంటికొచ్చి సున్నిపిండితో ఒకసారి, పసుపుతో ఒకసారి తోముకునేదాన్ని. "నీళ్ళల్లో దిగి నీళ్ళతోనే మడి కట్టుకుంటే ఎట్ల మే?" అని బావ ఎగతాళి చేసేవాడు. అయినా మొండిగా, ఏడాది తిరిగేసరికి గంటసేపు ఆగకుండా ఈదగలిగాను. తల మాత్రం దించలేదు.

సత్యవేడు దగ్గర బావ మామిడితోటకి ఆనుకుని ఒక పెద్ద చెరువుంది. దాని అవతలి గట్టు ముట్టి, ఆగకుండా తిరిగి రావాలనుకున్నాను. బావ పక్కనే పుట్టిలో తెడ్డు వేసుకుంటూ వస్తాడు. ఆ పుట్టి మీద చెయ్యి వేస్తే అక్కడితో సరి. ఈ షరతు పెట్టింది నేనే. నీళ్ళు పాచిపట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. చేపల కోసం ఎవరో కోళ్ళ వ్యర్థాలు తెచ్చి కుమ్మరిస్తారన్న సంగతి నేను దిగాక చెప్పాడు, పుణ్యాత్ముడు. పోవడం ఎలాగో పోయాను. తిరిగొచ్చేటప్పుడు సగంలో మెడ కొయ్యబారింది. తల దానంతటదే వాలిపోయి, పెదవులకి మెత్తగా ఏదో అంటుకుంది. తీసి చూస్తే కోడి తోలు, దానికి ఇంకా ఈకలు. పొద్దున తిన్నదంతా కక్కేశాను. అది నా చుట్టూ తేలుతుంటే చెయ్యి పుట్టి వైపు చాచాను.

బావ కోప్పడలేదు. "పట్టుకోమే, పోదాం. నిన్ను ఎవురూ ఏమీ అనరు" అన్నాడు మెల్లగా.

తిట్టినా బాగుండేది. అవును, ఎవరూ ఏమీ అనరు. ఈపాటికి అన్నం వండేసి ఉంటారు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా మీద నాకే పుట్టిన రోత ముందు ఆ కోడితోలు ఏపాటి!

"అట్లయితే తల దించు. నోట్లోకి వస్తే రానీ, ఊసెయ్" అన్నాడు బావ.

నేను కక్కినదాంట్లోకే ముఖం దించాను. పక్కకి తిరిగి నోరు తెరిచాను. ఊపిరితో పాటు చెరువూ వచ్చింది. చేపకంపు, పాచి, బురద. ఊశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఊశాను. ఏడుస్తూనే ఈదాను. కాళ్ళకి నేల తగిలేసరికి ఎండ ముదిరిపోయింది. నల్లటి బురదలోనే చతికిలబడ్డాను.

"ఏమన్నా తింటావా?"

"ముందు నోరు కడుక్కోవాల బావా."

ఆయన నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చెరువు నీళ్ళు నాకు తియ్యగా మారిపోయాయని చెబితే అబద్ధం. ఈత ఈనాటికీ మానలేదు, దిగిన ప్రతిసారీ రోత పుడుతూనే ఉంటుంది. అసహ్యమైనవన్నీ తొలగిపోయాక దిగుదామని యాభై దాటేదాకా ఒడ్డున కాచుకుని కూర్చున్నాను. అవేవీ తొలగలేదు, నా ఏళ్ళే ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి.