జులపాల పాటలు

వీధిలో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు అతని చేతి చలవే. అతని మొహాన మాత్రం నవ్వు చూసినవాళ్ళు తక్కువ. పళ్ళ డాక్టరు ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. అందరూ పళ్ళాయన అంటారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "కుదరలేదు" అనేవాడు. ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రికి సెలవు. పళ్ళాయన మాత్రం వెనకగది తాళం తీసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనికి కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్కా బావల ఇంట్లో విన్న క్యాసెట్టు ఇప్పుడు ఫోనులో దొరుకుతోందని తెలిసింది. ఆ బాపతు సంగీతాన్ని గ్లామ్ మెటల్ అంటారట. వాళ్ళింట్లో జులపాల పాటలు అనేవారు.

తనతో తనే పందెం వేసుకున్నాడు. ఆ పాటలు ఇంకా బాగుంటే బావకి ఫోన్ చెయ్యాలి. లేకపోతే నోరు మూసుకుని పని చూసుకోవాలి. బావతో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్ళయింది. యాభై దాటిన మనిషి పాటల మీద పందెం కాయడమేమిటని మీరు నవ్వచ్చు. సాకు లేనిదే అడుగు పడని మనుషులుంటారండీ, వాళ్ళలో ఇతనిది మొదటి వరస.

అక్క పెళ్ళినాటికి అతనికి పన్నెండేళ్ళు. సెలవులకి వెళ్తే బావ ఆ క్యాసెట్టు పెట్టేవాడు. అట్ట మీద నలుగురు మగవాళ్ళు, భుజాలు దాటిన జులపాలు, పెదాలకి రంగు, కాళ్ళకి అతుక్కుపోయిన తళుకు ప్యాంట్లు. బావ వాళ్ళ నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే. కానీ నలుగురూ ఆడపిల్లలే, ఆ తల్లి పెళ్ళిళ్ళు ఎలా చేస్తుందో పాపం" అంది. బావ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపడ్డాడు. నాలుగో పాటలో గిటారు ఎత్తుకునే ముందు వేలు పైకెత్తి "ఇదిగో, వచ్చేస్తోంది" అనేవాడు. పిల్లాడు ఊపిరి బిగబట్టేవాడు.

పెళ్ళైన పదకొండేళ్ళకి అక్కా బావా విడిపోయారు. ఆ తరవాత ఓసారి బావ ఈ గది గుమ్మం దాకా వచ్చాడు. ఇతను చేతిలో పని ఆపకుండానే "ఎవరు కావాలండీ?" అన్నాడు. బావ కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అక్కని ఏడిపించినవాడికి ఆ శాస్తి చాలదనుకున్నాడు అప్పట్లో. అక్క రెండేళ్ళలో తేరుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఇతనికే తేరుకోవడం చేతకాలేదు.

మొదటి పాట మొదలైంది. డ్రమ్ములు స్నానాలగదిలో ఎవరో ఖాళీ డబ్బాలు వాయిస్తున్నట్టున్నాయి. పాడేవాడు నిప్పు తొక్కినట్టు అరిచాడు. అప్పట్లో ఇంగ్లీషు రాక మాటల్లో ఏదో గొప్ప రహస్యం ఉందనుకునేవాడు. ఇప్పుడు అర్థమైంది కదా, రాత్రంతా ఇంటికి పోను, పోను అని తప్ప అందులో ఏమీ లేదు. పోకపోతే మానెయ్, నీ మోకాళ్ళే నొప్పెడతాయి అనుకున్నాడు. రెండో పాటా అంతే, మూడోదీ అంతే. పందెం ఓడిపోతున్నానని తెలిసి కూడా ఇయర్‌ఫోన్లు తియ్యలేదు.

నాలుగోది నెమ్మది పాట. గిటారు రావడానికి ముందు అతని చెయ్యి దానంతటదే లేచింది, మైనం చెక్కే కత్తితో సహా. ఎదురుగా బల్ల మీద ఎవరెవరివో పళ్ళ ప్లాస్టర్ అచ్చులు తప్ప ఎవరూ లేరు. గిటారు వచ్చింది. ఆ కాసేపు మాత్రం బాగుంది. పందేనికి అది చాలనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, మిగతా పాటలు వినకుండానే అక్కకి ఫోన్ చేశాడు.

"బావ నంబరుందా నీ దగ్గర?"

"ఉంది. ఏమైందిరా ఇవాళ?"

"ఆ జులపాల క్యాసెట్టు విన్నానక్కా. చెత్తగా ఉంది. బావకి అంత ఎందుకు నచ్చిందో!"

"ఆయనకి నచ్చిందని ఎవరు చెప్పార్రా? ఆ గోలంటే ఆయనకి తలనొప్పి. నన్ను ఎత్తుకుపోయాడని నువ్వు మాతో మాట్లాడేవాడివి కాదు, గుర్తులేదా? పన్నెండేళ్ళ మగపిల్లాడికి ఏం నచ్చుతుందో కనుక్కుని మరీ కొనుక్కొచ్చాడు."

అతను చేతిలోని కత్తి బల్ల మీద పెట్టాడు. తరవాత "నీకోసమే కదక్కా ఆయనతో మాట్లాడటం మానేశాను" అన్నాడు.

"నేనెప్పుడు మానెయ్యమన్నాను? మేమిద్దరం ఎప్పుడో మాట్లాడుకున్నాం. మొన్న నా ఆపరేషనప్పుడు కూడా ఫోన్ చేశాడు. నీ దగ్గర ఆయన మాటెత్తితే లేచి వెళ్ళిపోతావు, ఇంకేం చెప్పను?"

ఇచ్చిన నంబరుకి వెంటనే ఫోన్ చేశాడు, ఆలస్యమైతే ధైర్యం జారిపోతుందని. బావే ఎత్తాడు. గొంతు ముసలిదైపోయింది. ఇతను తనెవరో చెప్పుకున్నాడు.

"నువ్వా! ఏరా, బాగున్నావా?"

"బాగున్నాను బావా. ఆ క్యాసెట్టు మళ్ళీ విన్నాను. భరించలేకపోయాను."

"అప్పుడు నాకూ అంతే కదరా!" బావ నవ్వాడు. ఇతనూ నవ్వాడు. అవతల ఎవరో పిల్ల తాతయ్యా అని పిలుస్తోంది.

"ఆ రోజు గుమ్మంలో... నాది తప్పు బావా. నామీద కోపంగా ఉందా?"

"లేదురా. ఓ మూడు నాలుగేళ్ళు చూశాను, వస్తావేమోనని. తరవాత అలవాటైపోయింది."

కోపం ఉన్నా బాగుండేదనిపించింది అతనికి. కోపమైతే బతిమాలుకోవచ్చు. అలవాటైపోయినవాణ్ణి ఏమని బతిమాలడం? అయినా పోనీ అనుకుని, "వచ్చే ఆదివారం రానా బావా?" అన్నాడు.

"చూద్దాంలే" అన్నాడు బావ, ఎంతో ప్రేమగానే.