అమ్మవారి బుగ్గ మీద గీత

నేను ఆవగింజను గుమ్మడికాయ చేసే మనిషిని, తగ్గించుకుని చదవండి.

తాడేపల్లిగూడెంలో రైలెక్కితే, పక్కసీటావిడ రాగిరేకు మీద సూదితో కొల్లేటి అమ్మవారిని గీస్తున్నారు. గీతల్లో సిరా నింపి, కాగితం మీద అచ్చు తీసి, గుడిదాకా నడవలేని వాళ్లమ్మకిస్తారట. గీత తప్పితే చెరపడం కుదరదట.

దెందులూరు దగ్గర కొల్లేటి కొంగలన్నీ లేచిపోయేలా రైలు కుదిపింది. సూది జారి అమ్మవారి బుగ్గ మీద గీత పడింది.

"అయ్యో, నెల్రోజుల పనండీ!" అన్నారావిడ. కళ్లు నిండాయి. నా వంక ఓసారి చూసి, "రైలు కుదిపేసిందండీ," అన్నారు అందరితో.

ఎదురుసీటు మామ్మగారు తొంగిచూశారు. "ఏడవకమ్మా, అక్కడే ఇంకాస్త గీకి దిష్టిచుక్క పెట్టెయ్. అమ్మవారికి మాత్రం దిష్టి తగలదా?"

ఆవిడ నవ్వేసి, అక్కడే గుండ్రంగా గీకారు.

ఇందులో కొంగలు నా కల్పన. కుదుపు ఆవిడ కల్పన. సూదికి తగిలింది నా మోచెయ్యి.