రూత్ అక్క ఫోటోలో కుర్రాళ్ళు

నిన్న పొద్దున కాఫీ కలుపుతుంటే ఫోన్. రూత్ అక్క నిద్రలోనే పోయిందట.

"ఏంది చెప్తా ఉండావు? ఆదివారం కూడా మాట్లాడితిని కదా!" అని అరిచేశాను.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

అక్క తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. వాళ్ళు యూదులు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ళ నాన్న వియన్నాలో మెడిసిన్ స్టూడెంట్. యూదుడని నాజీలు కాలేజీ నుంచి గెంటేస్తే, ప్రాణాలు దక్కించుకుని ఎలాగో మా పాండిచ్చేరి చేరాడు. డిగ్రీ చేతికి రానేలేదు. అయినా మా బజారంతా ఆయన్ని డాక్టర్ తాత అనే పిలిచేది. అక్క ఇక్కడే పుట్టింది.

సెవెంటీస్‌లో ఒక వానాకాలం, ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో వాళ్ళ అద్దె ఇల్లు కారుతోందని ఒక ట్రంకు పెట్టె మా ఇంట్లో పెట్టారు. అందులో తాత స్టూడెంట్ సామాన్లు. కాలేజీ టోపీ, లైబ్రరీ కార్డు, తాతా, తోటి యూదు కుర్రాళ్ళూ ఉన్న, ఫ్రేమ్ కట్టిన గ్రూప్ ఫోటో.

ఇంతలో సరస్వతీ పూజ వచ్చింది. మా అవ్వ ఒకరి మాట వినే మనిషా!

"చదువు సామాను ఈపొద్దు పెట్లో మగ్గకూడదు" అని అన్నీ తీసి దేవుడి ముందర పెట్టేసింది. అంతటితో ఊరుకుందా? ఫోటోలో కుర్రాళ్ళందరికీ అద్దం మీద కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ కూడా వేసింది.

మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏంది అత్తా ఈ పని! పోయినోళ్ళకి కదా అట్లా పెట్టేది! తాత బతికే ఉండాడే!"

అప్పుడే తాత, అక్క ప్రసాదానికి వచ్చారు.

తాత ఫోటో ముందు నిలబడిపోయాడు.

ఆయన తన మొహం మీది బొట్టు ఒక్కటే వేలితో తుడిచాడు.

"నేను మాత్రం ఉండాను. వాళ్ళందర్నీ చంపేసినారు. వాళ్ళకి ఉండనీమ్మా."

తర్వాత ఒక్కొక్క మొహం చూపిస్తూ పేర్లు చెప్పాడు. ఆ పేర్లు వినడం రూత్ అక్కకీ అదే మొదటిసారి. తండ్రీ కూతుళ్ళు పట్టుకుని ఏడ్చారు. మేమూ ఏడ్చాం.

ఆ తర్వాత ప్రతి సరస్వతీ పూజకీ ఆ ఫోటో మా ఇంటికి వచ్చేది. తాత ఒక్కో పేరూ చెప్పేవాడు, అవ్వ బొట్టు పెట్టేది.

ఎయిటీస్‌లో తాత పోయాడు. ఆ సంవత్సరం పేర్లు అక్క చెప్పింది. అవ్వ తాతకీ బొట్టు పెట్టింది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఒకటే దిగులు ఆమెకి.

"నేను పోతే ఈ పేర్లు ఎవురు చెప్తారు పాపా? నువ్వు నేర్చుకో."

నాకా, ఆ పేర్లు నోరు తిరిగేవి కావు. అక్క పగలబడి నవ్వేది. నవ్వి, మళ్ళీ మొదటినుంచి చెప్పించేది.

నిన్న సాయంత్రమే సమాధి చేశాం. వాళ్ళ ప్రార్థన తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. అందరూ ఊరికే నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక, నేను ఆ పేర్లు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

ఎమిల్. లియో. ఫ్రిట్జ్...

ఆఖరి పేరు దగ్గర తడబడ్డాను.

ఆగాను. అలవాటు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ దిద్దలేదు.

నాకు వచ్చినట్టే చెప్పేశాను అక్కా.

పోయిరా. ఇంక దిగులు పెట్టుకోకుండా నిమ్మళంగా నిద్రపో.