ఉప్పునీళ్ళలో నువ్వులు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మునిరత్నం మామకు చూపించాల్సిన ఒక కాగితాన్ని నేను దాచేశాను. ఈ ఉదయం ఎదురింటివాళ్ళు నూలుకు గంజి పెడుతుంటే, ఆ పుల్లని వాసనకు ఆయన గుర్తొచ్చి డైరీ తీశాను. కాగితం అందులోనే ఉంది.

తిరుత్తణిలో మామ మా పక్కింటి నేతగాడు. ఆయన ముత్తాత పాండూరు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి, నడిసముద్రంలో చనిపోయాడని వాళ్ళింట్లో నమ్మకం. అస్థికలు లేవు కనుక, పోయినవాళ్ళను తలుచుకునే ఆడి అమావాస్యనాడు ఇత్తడి చెంబులో ఉప్పునీళ్ళు పోసి, అందులోనే నువ్వులు వదిలేవారు. మామకు మాత్రం నెమ్మది లేదు. "యేటేటా అన్నం పెడతాండాం. సచ్చినట్టు కాగితం యాడుంది?" అనేవారు.

ఆయన ఏ కాగితాన్నీ నమ్మేవారు కాదు. రేషన్ కార్డు చూపించి, "నా వయసు చూడు పాపా. ఇంకో రెండు తూర్లు కార్డు మారిస్తే నీకు తమ్ముణ్ణయిపోతా" అని నవ్వేవారు. తర్వాత గొంతు తగ్గించి, "రాసినోడు యాడ కూర్చోని రాసినాడో చూడు. కండ్లతో చూసినాడా, ఎవురో చెప్తే రాసినాడా?" అనేవారు. ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడని నాకు, అనుమానపడటం కూడా ఒక చదువేనని ఆయన దగ్గరే తెలిసింది.

తిరువళ్ళూరులో ఉద్యోగానికి వెళ్తున్నప్పుడు, నెట్‌లో ఆ ఓడ ఎక్కినవాళ్ళ జాబితా దొరికితే ప్రింటు తీసుకొచ్చాను. పేరు, తండ్రి పేరు, పాండూరు, ఎడమ బొటనవేలి మీద కోత మచ్చ. చివర 'సముద్రంలో మరణం'. మామ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "చాల్లే పాపా" అన్నారు. రాసినవాడు ఎక్కడ కూర్చున్నాడని అడగలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

ఇంటికొచ్చి మళ్ళీ చూశాను. ఆ చివరి మాట రెండు వరుసల మధ్య వాలుగా ఉంది. పై వరుసలోని మనిషిదీ కావచ్చు. వారం తిరక్కుండానే ఇంకో జాబితా దొరికింది. ఓడ దిగి తోటల్లో పనికి కుదిరినవాళ్ళది. అదే పేరు, అదే ఊరు, అదే మచ్చ. భార్య అని పక్కన ఒక పేరు. అది మామ ముత్తవ్వ పేరు కాదు.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళేసరికి ఆడి అమావాస్య పూజ జరుగుతోంది. చెంబులో నువ్వులు తేలుతున్నాయి.

"ఈ యేడే నిబ్బరంగా వదిలినాను పాపా. చేతిలో ఏందది?"

"ఆఫీసు కాగితం మామా."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. కాగితాలను చూసే చూపు అది. నేను వచ్చేశాను. ఆ తర్వాత ఎదురుపడ్డప్పుడల్లా, తెలిసిపోయిందేమోనని నాకు గుబులు. ఆయన మాత్రం ఎన్నడూ అడగలేదు.

మోకాళ్ళు సహకరించక మగ్గం వదిలేసి, ఆయన పట్టాభిరామ్‌లో కూతురింటికి వెళ్ళిపోయారు. కొన్ని నెలలకు అక్కడే పోయారు. ఇప్పటికీ ఏ కాగితం చేతికొచ్చినా, రాసినవాడు ఎక్కడ కూర్చున్నాడని ముందు అడుగుతాను. దాచిన ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఏమీ అడగలేదు.

ఆయన పట్టాభిరామ్ వెళ్ళే రోజు సంచి మోసుకుని స్టేషన్‌కు వెళ్ళాను. రైలు కదులుతుండగా కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ రెండో కాగితం చింపొద్దు పాపా. నేనైతే చూడలేదు."