ఎడమ కన్ను మూసుకునే అమ్మాయి

కెమెరా చేతిలో లేకపోయినా ఆమె ఎడమ కన్ను మూసుకునే చూస్తుంది. కూరగాయల బేరంలోనూ అంతే. "ఆ కన్ను అలాగే ఉండిపోతుందే," అని తల్లి సణుగుతుంది. పాత కోటల కోసం, ముడతలు పడ్డ ముఖాల కోసం బస్సులు పట్టుకుని ఊళ్లు తిరుగుతుంది. నచ్చిన ముఖం దొరికితే చాలు, పేరైనా అడగకుండా "సహజంగా ఉండండి" అని ఆజ్ఞాపించేది. ఒకసారి ఒక కోట గుమ్మం దగ్గర ముసలి కాపలాదారుతోనూ అదే మాట అంది.

"దూరంగా చూసే ముఖం కావాలా, కష్టాలు పడ్డ ముఖం కావాలా? నీలాంటివాళ్లు రోజుకు నలుగురొస్తారమ్మా," అన్నాడాయన తీరిగ్గా. ఆమె కెమెరా కిందికి దించింది. "ఎండ ఇంకా ఇటు తిరగలేదులే. ఈలోగా అది ఇలా ఇయ్యి. నువ్వే సహజంగా ఉండు, చూద్దాం," అని కెమెరా అందుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు. జుట్టు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, ఏదో అనబోయి నోరు తెరిచింది. ఆయన బటన్ నొక్కేశాడు. ఆ ప్రయాణంలోని మూడొందల ఫొటోల్లో తల్లి ఏరి గోడకు తగిలించింది అదొక్కటే. నోరు తెరిచి ఉంది, ఎడమ కన్ను మూసి ఉంది.

ఇప్పుడు ఆమె ఎవరిని తీయాలన్నా ముందు పేరడిగి, కెమెరా వాళ్ల చేతికిస్తుంది. అందుకే ఆమె ఆల్బంలో ప్రతి ముసలి ముఖం పక్కనా బిక్కమొహం వేసిన ఆమె ఫొటో ఒకటి ఉంటుంది. ఈమధ్య వాటిలో రెండు కళ్లూ తెరిచే ఉంటున్నాయి.